యాకయ్య ఆగిన చోట

1978లో మహబూబాబాద్‌లోని ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ని. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకున్న తరం మాది. నోరు తెరిచి మాట్లాడటమే సగం చదువని నా నమ్మకం. అందుకే శుక్రవారం చివరి గంటను డిస్కషన్ పీరియడ్ చేశాను. ఆ వారం పాఠానికి ప్రతి విద్యార్థీ తన ఇంటి నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి. పుస్తకంలోది చెబితే ఒప్పుకునేవాణ్ని కాదు.

ఆ వారం పాఠం రిజర్వేషన్లు. యాకయ్య లేచాడు (పేరు మార్చాను). డోర్నకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎస్సీ హాస్టల్లో ఉండేవాడు. తల్లి కూలికి పోయి సాకింది. ఆ హాస్టల్ సీటు ఉంటేనే అతనికి చదువు.

"నాకు రెండు పేర్లున్నయ్ సర్. బడిల యాకయ్య, చర్చిల యాకోబు," అన్నాడు.

"ఏ పేరుతోని పిలిస్తే పలుకుతవ్‌రా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు.

"బువ్వకు పిలిస్తే దేనికైనా పలుకుత."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, రెండు పేర్లెందుకని అడిగాను. అతను ఆగాడు. నా వంక చూసి తల దించుకున్నాడు. అప్పుడే కూర్చోమనాల్సింది.

"ఏం కాదు, చెప్పు. ఈడ ఉన్నది మనమే గద," అన్నాను.

చెప్పాడు. క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదని, సీటు పోతుందని, అందుకే తల్లి బడిలో పాత పేరే ఉంచిందని. ఇంత మంచి ఉదాహరణ పుస్తకంలో కూడా లేదని మెచ్చుకుని చప్పట్లు కొట్టించాను.

నెల తిరక్కుండా అతని మీద అర్జీ పడింది. ఎవరు పెట్టారో తెలియదు. అరవై మంది విన్నారు. విచారణకు వచ్చిన అధికారి, ఈ మాట మీ క్లాసులో అన్నాడా అని నన్ను అడిగాడు. పాఠంలో దొర్లిన మాట సాక్ష్యం కాదని చెప్పి ఉండవచ్చు. కానీ నా ఉద్యోగం అప్పటికి పర్మనెంట్ కాలేదు. అన్నాడని రాసిచ్చాను. సీటు పోయింది.

టీసీ, అంటే కాలేజీ విడిచిపోయేవాళ్లకిచ్చే కాగితం, తీసుకోవడానికి తల్లితో వచ్చాడు. వరండాలో ఎదురుపడ్డాను. తల్లే అంది: "పోరనికి తెలివి లేకపాయె. నువ్వన్న ఊకోమనద్దా, సారూ?"

పక్కకు తప్పుకుని స్టాఫ్‌రూములోకి నడిచాను. అక్కడ, వాడే నోరు జారాడని చెప్పాను. కాలేజీలో ఆ మాటే నిలిచిపోయింది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను. యాకయ్య నోరు జారలేదు. ఆగాడు. ముందుకు తోసింది నేను. రాసిచ్చిందీ నేనే.

రెండేళ్లకు డోర్నకల్ వెళ్లి ఈ మాటే అతనితో అన్నాను. అప్పటికి రైలు పట్టాల పనిలో కూలిగా ఉన్నాడు. "ఇప్పుడు జెప్తే సీటొస్తదా సర్?" అన్నాడు. కోపం లేదు. చాయ్ కూడా తెప్పించాడు. ఆ చాయ్ తాగడం నాకు కష్టమైంది.

తర్వాత జనగామకు బదిలీ అయ్యాను. డిస్కషన్ మానలేదు గానీ, ఇంటి సంగతులు అడగడం మానేశాను. ఊళ్లో చూసింది, ఎవరి పేరూ లేకుండా చెప్పమంటాను. ఎవరైనా మధ్యలో ఆగితే వెంటనే పాఠం అందుకుంటాను. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన, ఈ లెక్చరర్ పిల్లల చేత మాట పూర్తిగా చెప్పించడం లేదని రాసి, నా వివరణ అడిగాడు.

"నిజమే" అని కింద రాశాను.