సీతారాంరావు బావ కలిపిన వరుసలు

మా సీతారాంరావు బావకు ఒక్కటే జబ్బు: వరుస కలపడం. మనిషి కనిపిస్తే చాలు, ఆ మనిషి తనకేమవుతాడో తేలేదాకా తాను కూర్చునేవాడు కాదు, అవతలివాణ్ణి లేవనిచ్చేవాడు కాదు. ఆసిఫాబాద్ బస్సెక్కినప్పుడు కండక్టర్ పరాయివాడు. దిగేసరికి మేనల్లుడు.

నేను కాన్వెంటులో చదివే రోజుల్లో, మా అక్క ప్రమోదినిని పెళ్లాడిన కొత్తలో, నన్ను చూడటానికి వచ్చాడు. అక్కడి పెద్ద సిస్టర్‌ను నేను 'మదర్' అని పిలవడం విన్నాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"నా బామ్మర్దికి అమ్మ అంటె నాకు అత్తనే గదా! అత్తమ్మా, కొత్త అల్లుడొచ్చిండు. చాయ్ అన్న పోపిస్తవా?"

ఐర్లండ్ నుంచి వచ్చిన ఆ మహాతల్లికి ఏమర్థమైందో కాని చాయ్ వచ్చింది, కేకు ముక్కతో సహా. ఆ తర్వాత నేను చాలాకాలం మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేశాను. భక్తితో కాదు, శిక్షగా.

ఎనభైల్లో బావ పొలాల కింద బొగ్గుందని తేలింది. దేశానికి వెలుగు కావాలి, అందుకు మీ భూమి కావాలి అన్నారు. వెలుగు ముందు ఆఫీసర్ల బంగళాలకు, మిగిలితే దేశానికి. లీజు కాగితాలతో కంపెనీ తరఫున కైలాసం అనే కుర్ర ఆఫీసర్ జీపు దిగాడు. చెలకలతో, అంటే ఆ మెట్ట పొలాలతో పాటు వాటి నడుమనున్న గుట్ట కూడా కావాలన్నాడు. గుట్ట బావ పట్టాలోనే ఉంది. కాని దాని మీద పక్క గోండుగూడెం వాళ్లు చనిపోయిన తమ పెద్దల పేర నిలబెట్టిన రాళ్లున్నాయి. రాళ్ల వెనక గుహలో ఎలుగుబంట్లున్నాయి. గూడెం వాళ్ల దగ్గర కాగితం లేదు, ఎలుగుబంట్లకు సంతకం రాదు. కాబట్టి కంపెనీ లెక్కలో అక్కడ ఎవరూ లేరు. బావ సంతకం పెడితే గుట్ట పిండి అవుతుంది.

బావ మాత్రం కాగితాల వంక చూడనే లేదు.

"మీదే ఊరు నాయినా?"

"సుల్తానాబాద్ సార్."

"అగో! మా చిన్నత్త మరిది సుల్తానాబాదుకే ఇల్లరికం పాయె. అంటే నువ్వు..." వేళ్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "నాకు అల్లునివి!"

కైలాసానికి పెళ్లి కాలేదు. బావకు కూతుళ్లు లేరు. ఇలాంటి చిల్లర వివరాలు బావను ఎన్నడూ ఆపలేదు.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. అల్లుడు కొలత గొలుసు విప్పేలోగా నాటుకోడి, చుట్టేలోగా సర్వపిండి. నేను అబద్ధం చెప్పను, కొన్నాళ్లకు ఆయన కూర్చున్న వైపుకు జీపు ఒరిగి నడిచేది.

కాని కైలాసం తెలివైనవాడు. ఒక మధ్యాహ్నం వడ్డించిన విస్తరి పక్కకు నెట్టేశాడు.

"నేను తినను మామా."

"అయ్యో, ఏమైంది బిడ్డా?"

"అలిగిన. గుట్టతోని సహా సంతకం పెడితెనే ముద్ద ముట్టుత. అల్లుడు అడిగితె కాదంటవా?"

బావ ముఖం పాలిపోయింది. అలిగిన అల్లుణ్ణి కాదన్న మామ వాళ్ల వంశంలో లేడు. గుట్ట సంగతేమైందో తెలుసుకుందామని గూడెం పెద్ద గంగుబాయి అప్పుడే తన మనుషులతో వచ్చి వాకిట్లో నిలబడింది. బావ కలం తీశాడు. ఆమె కళ్లు ఆ కలం మీదే ఉన్నాయి.

"పెడుత బిడ్డా. చెలుకలు తవ్వుకోండ్రి. గుట్ట నాది కాదు గదా! పసుపు కుంకుమ కింద మా చెల్లెకిచ్చిన."

"ఏ చెల్లె?" అంది అక్క వంటింట్లోంచి. బావకు తోబుట్టువులు లేరు.

"గగో, గంగుబాయి."

అందరూ నోళ్లు తెరిచారు. ముందుగా తేరుకున్నది గంగుబాయే.

"చెల్లెనా? ఇన్నేండ్లల్ల ఒక్క చీరన్న పెట్టినవానే అన్నా?"

"జర ఆగు తల్లీ, చీర ఎనుక తెస్త." బావ కైలాసం వైపు తిరిగాడు. "మామ చెల్లె నీకేమైతది? చెప్పు."

కైలాసం వేళ్లు మడిచాడు. "అవ్వ... కన్నతల్లి వరుస... అయితది."

"అవ్వ పెద్దలు?"

"తాతలైతరు."

"నీ తాతల రాళ్ల మీద మిషన్లు తోలుతవా కొడుకా?"

గంగుబాయి లోపలికొచ్చి కైలాసం ముందు కూర్చుని, విస్తరి దగ్గరికి జరిపింది.

"తిను కొడుకా, సల్లారుతున్నది."

అలక కరిగిపోయింది. ఆయన తింటుండగా ఆమె పని చెప్పింది. "గుట్టకెల్లి వాగు దాక తొవ్వ సుత ఇడువాలె. గుడ్డేలుగులు నీళ్లకు దిగుతయి."

"అవి నాకేమైతయి అవ్వా?"

"నువ్వు గిట్లనే తింటె అన్నదమ్ములైతయి."

లీజు గీత గుట్టనూ, ఎలుగుబంట్లు వాగుకు దిగే తొవ్వనూ వదిలి చుట్టూ తిరిగి పోయింది. అక్కడి రాయి మహా గట్టిదని కైలాసం పైవాళ్లకు చెప్పాడట. చెలకలు గనిగా మారాయి. మా తెల్ల ధోవతులు అప్పటినుంచి ఎంత ఉతికినా బొగ్గుదుమ్ముతో బూడిద రంగే.

"అంత అబద్ధమెట్ల ఆడినవు బావా?" అన్నాను.

"నిజం జేస్తె సరిపాయె" అని, ఆ వారమే పోయి గుట్టను గంగుబాయి పేర రాయించి వచ్చాడు. బావ వరుస కలిపేది భోజనం కోసమని ఊరంతా అనుకునేది. ఈసారి తిన్నది అల్లుడు, పోయింది బావ గుట్ట.

సీతాఫలాల కాలంలో బావా నేనూ సంచి పట్టుకొని గుట్టెక్కాం. సగం నిండిందో లేదో, రాళ్ల నడుమ నుంచి గంగుబాయి ప్రత్యక్షమైంది.

"ఎవలనడిగి తెంపినవు?"

"నా చెల్లె గుట్టనే గదా!"

"చెల్లెనడిగినవా? చీర తెస్తనంటివి, ఏది? ఇడువు సంచి!"

సంచి ఆమె చేతికి పోయింది. ఉత్త చేతులతో దిగుతుంటే బావ ముఖం వెలిగిపోతోంది.

"చూసినవా బామ్మర్దీ," అన్నాడు గర్వంగా, "అచ్చం సొంత చెల్లె లెక్కనే కొట్లాడుతది!"