మ్యాచర్ చూసిన చేతులు

మా పెదనాయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడలో, మా కాలేజీ ల్యాబులో ఉన్నాను. "ఇగ మీ పెదనాయన లేడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది పెద్దమ్మ. రెండేళ్లుగా గుండె జబ్బు ఉంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనూ ఆశ్చర్యపోలేదు. మిర్యాలగూడ బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు. నా పని గురించి నన్ను విసుగు లేకుండా ప్రశ్నలడిగే మనిషి ఇక లేడు.

ఆయన మా నాన్నకు అన్న. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో నలభై ఏళ్లు వడ్లకు తేమ చూశారు. మాయిశ్చర్ అనే మాట మా వైపు నోళ్లలో నలిగి మ్యాచర్ అయింది. అందులో ఇంకో తమాషా ఉంది. "మ్యాచర్ వచ్చింది" అంటే తడి వచ్చిందని కాదు, వడ్లు బాగా ఆరి కొనడానికి తగినట్టు అయ్యాయని. పెన్‌పహాడ్ నుంచి ట్రాక్టరు తోలుకొచ్చిన రైతుకు ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది.

పెదనాయన పిడికెడు వడ్లు తీసుకుని రెండు అరచేతుల మధ్య నలిపేవారు. పొట్టు ఊదేసి, గింజను పంటి కింద పెట్టి కొరికి, తేమ ఇంత అని చెప్పేవారు. ఆ తర్వాతే తేమ కొలిచే మిషన్ పెట్టేవారు. రెండూ కలవకపోతే ఆయన అనుమానం ముందు మిషన్ మీదే. పళ్లు కట్టించుకున్నాక మిషన్‌కు జర మర్యాద పెరిగిందని మేమంతా ఏడిపించేవాళ్లం. ఆయన కాదనేవారు కాదు.

నేను ఎలక్ట్రానిక్స్ చెబుతాను. కొన్నేళ్లుగా మా విద్యార్థులతో కలిసి చేతిలో పట్టే ఒక చిన్న పరికరం తయారుచేస్తున్నాను. రెండు చేతులతో పట్టుకుంటే, మనకు తెలియనంత సన్నటి కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి పోతుంది. దారిలో దానికి ఎంత అడ్డు తగిలిందో పరికరం కొలుస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువుంటే అడ్డు తక్కువ, నీరు తక్కువుంటే అడ్డు ఎక్కువ. గుండె బలహీనపడ్డవాళ్లకు ఒంట్లో నీరు చేరుతుంటుంది. అది ముదరకముందే ఇంట్లోనే కనిపెట్టగలిగితే చాలని నా ఆశ. పెదనాయనకు జబ్బు మొదలయ్యాక ఆ ఆశ ఇంకా గట్టిపడింది.

నిరుడు ఎండాకాలం ఆ పరికరాన్ని మొదటిసారి ఆయన చేతికిచ్చాను. నీళ్లు ఉండాల్సినదాని కంటే తక్కువ చూపించింది.

"నీళ్లు తక్కువనే ఉన్నయ్ పెదనాయనా" అన్నాను.

వంటింట్లోంచి పెద్దమ్మ అడిగింది. "అంటే మ్యాచర్ వచ్చినట్టే గదా?"

ముగ్గురం నవ్వుకున్నాం. నేను స్క్రీన్ చూసి మురిసిపోయాను గానీ వంగి ఆయన పాదాలు చూడలేదు. అవి అప్పటికే ఉబ్బి ఉన్నాయి. ఆ గురువారం వాళ్లు సూర్యాపేటలో డాక్టరుకు చూపించుకోవాలి. మ్యాచర్ వచ్చింది కదా, వచ్చేవారం పోదాంలే అని ఆగిపోయారు.

ఆదివారానికి ఆయనకు ఊపిరి అందలేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతే, ఇన్ని రోజులు ఎందుకు ఆగారని డాక్టరు కోపం చేశారు. పెద్దమ్మ అమాయకంగా చెప్పింది, "మా బిడ్డ మిషన్ పెట్టి సూసింది సారూ. మ్యాచర్ వచ్చిందనుకున్నం." డాక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అంత సిగ్గు నేను జీవితంలో ఎప్పుడూ పడలేదు.

మూడో రోజు ఆయన కాస్త తేరుకుని, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను.

"ఆ మిషన్ ఏది?" అన్నారు.

"బ్యాగుల ఉంది. పారేస్త పెదనాయనా."

"పారేస్తే అది తప్పెందుకు చెప్పిందో ఎట్ల తెలుస్తది? ఇటు తే."

అటూ ఇటూ తిప్పి చూశారు. కరెంటు ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది, ఎంతసేపు పోతుంది అని అడిగారు. నేను చెబుతుంటే మధ్యలో ఆపారు.

"అంటే మా మ్యాచర్ మిషనే గదనే. పాత మిషన్ల గింజల్ని మరతోని బిగించి నొక్కాలె. బిగింపు వదులైతే తేమ తక్కువ సూపిస్తది. గింజల తడి లేక కాదు. కరెంటు గింజలకు పోక." తర్వాత రెండు అరచేతులూ నా ముందు చాచారు. "ఇవి సూడు."

వడ్లు నలిపీ నలిపీ ఆ చేతులు కాయలు కాచి, ఎండి, గరుకు కాగితంలా ఉన్నాయి.

"నీ మిషన్ నా లోపటికే రాలే బిడ్డా. తలుపుకాడనే ఆగింది. ఆగినకాడికి కొలిచి, అదే లోపటి సంగతని నీకు చెప్పింది."

నేను పుస్తకాల్లో చదివిన విషయమే అది. చర్మం దగ్గర తగిలే అడ్డును ఒంటి లోపలి అడ్డు నుంచి విడదీయాలని పిల్లలకు పాఠం కూడా చెప్పాను. కానీ ల్యాబులో పరికరం పట్టుకున్నవన్నీ మెత్తటి చేతులే. నాట్లేసే చేతులు, బస్తాలు మోసే చేతులు, పొట్టు నలిపే చేతులు మా కొలతల్లో ఒక్కటీ లేవు. అసలు ఇది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే మేము మరిచిపోయాం.

పెదనాయన తడిబట్ట అడిగి తెప్పించుకున్నారు. చేతులు తుడుచుకుని, కాసేపు ఆగి మళ్లీ పట్టుకున్నారు. ఈసారి నీళ్లు ఎక్కువ చూపించింది. నర్సమ్మ మమ్మల్ని వింతగా చూసి వెళ్లింది.

ఇంటికొచ్చాక ఆ పని ఆయన పనే అయిపోయింది. నేను మిర్యాలగూడ వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి కనిపెట్టి ఉంచేవారు. ఒట్టి బనీనుతో కూర్చుని మోచేతులు పక్కటెముకలకు ఆనిస్తే లెక్క మారుతోందని పట్టుకున్నది ఆయనే. "చంకకాడ ఒళ్లు ఒళ్లు తగిలి కరెంటుకు అడ్డదారి దొరుకుతది" అని చేతులు ముందుకు చాపి చూపించారు. చాపితే కొలత నిలకడగా వచ్చింది. ఒకసారి అన్నం తింటూ ఇంకో ప్రశ్న అడిగారు.

"నీళ్లేమో కాళ్లల్ల ఉండె. నువ్వేమో చేతులల్ల ఎతుకుతుంటివి. బస్తా పైన గింజలు సూసి అడుగున ఎట్లుందో చెప్తమా?"

నిజమే. చేతి నుంచి చేతికి పోయే కరెంటు ఛాతీ మీదుగా పోతుంది, కాళ్ల దాకా దిగదు. ఇప్పుడు మా పరికరానికి కాలి మడమకు తగిలించే ఒక తీగ కూడా ఉంది. కొలిచే ముందు రెండు చేతులూ సరిగ్గా తగిలాయో లేదో పరికరమే చూసుకుంటుంది. తగలకపోతే అంకె ఇవ్వదు. "చెప్పలేను" అని మాత్రం స్క్రీన్ మీద వస్తుంది. అంకె చూపని మిషన్‌ను ఎవరు కొంటారని మా కాలేజీలో ఒకాయన చాలా వాదించారు. నేను వినలేదు. తప్పు అంకె ఒక మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో ఆయన చూడలేదు, నేను చూశాను. ఇక ఆ గురువారం విషయం పెదనాయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకు నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని ఆఖరిసారి చూశాను. బాగా చిక్కిపోయారు. అయినా పరికరం అడిగి తీసుకుని చేతులు ముందుకు చాపారు. వేళ్లు చల్లగా ఉన్నాయి, పట్టు లేదు. మూడుసార్లు పట్టుకున్నారు.

"ఏమంటుంది?"

"చెప్పలేనంటుంది పెదనాయనా."

ఆయన ముఖం విప్పారింది. అంత సంతోషం ఏ అంకె చూసినా ఆయనలో నేను చూడలేదు. "మంచిగ జేసినవ్ బిడ్డా. తెల్వకుంటే తెల్వదని చెప్పే మిషన్ ఇన్నేండ్లల్ల నేను సూడలే" అన్నారు.

పెద్దమ్మ తడిబట్ట తేబోయింది. వద్దని తల ఊపి, పరికరాన్ని పక్కన పెట్టేశారు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు, అట్లాగే నా వైపు చాచి ఉంచారు.

"ఇగ జరసేపు నువ్వే పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. నా చేతులకు చెమటలు పట్టాయి. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి, నా రెండు చేతుల మధ్య ఆ గరుకు అరచేతులు మెల్లగా వెచ్చబడ్డాయి.