గంట బాబాయికి పడిన మెమో

మా కాలేజీలో ప్రిన్సిపాల్ కన్నా గంట బాబాయికే ఎక్కువ భయపడేవాళ్లం. అటెండరే, కానీ ఇరవై రెండేళ్లుగా పరీక్షల గంట కొట్టేది ఆయనే. ఒక్క నిమిషం అటూ ఇటూ అయిన రోజు లేదు. పైగా నోరు పెద్దది.

"టైమంటే టైమే. మీ నాన్నొచ్చినా ఆగదు" అనేవాడు.

లెక్కల పేపరు నేను రెండుసార్లు తప్పాను. చదవక కాదు. ప్రశ్నపత్రం చేతిలో పడగానే కాళ్లూ చేతులూ చల్లబడేవి, చదివిందంతా ఎగిరిపోయేది. పరీక్ష మొదలైన అరగంటకు కొట్టే గంట మోగితేగాని బయటికి వదలరు కదా, దానికోసం చెవులు రిక్కించుకుని కూర్చుని, మోగీ మోగగానే తెల్లకాగితం ఇచ్చేసి పారిపోయేదాన్ని. రెండుసార్లూ గుమ్మం దగ్గర బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. మూడోసారి కూడా తప్పితే కాలేజీలో నా పేరు కొట్టేస్తారు.

మూడోసారీ అదే తంతు. అక్షరాలు అలుక్కుపోయాయి. గదిలో గోడ గడియారం ఆగిపోయి ఏడాదైంది. ఎంతసేపు కూర్చున్నా గంట మోగదే! ఇక ఉండబట్టలేక లేచి గుమ్మం దాకా వెళ్లాను.

"బాబాయ్, అరగంట కాలేదా?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఐదు నిమిషాలుంది. పోయి కూర్చో."

"నాకేమీ రావట్లేదు, వెళ్లిపోతాను."

"రాకపోనీ. ఊరికే కూర్చోలేకపోతే ఏదో ఒకటి గీకు."

నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలోనే కూర్చుని ఏడో ప్రశ్న చదివాను. అది నాకు వచ్చు! ఒక వరుస రాశాను, ఇంకొకటి రాశాను. గంట మోగేసరికి మూడో పేజీలో ఉన్నాను. తలెత్తలేదు.

పాసయ్యాను. మార్కుల జాబితా తెచ్చుకోవడానికి ఆఫీసుకు వెళితే గుమాస్తా నవ్వాడు.

"మీ లెక్కల పరీక్ష రోజే మన గంట బాబాయికి మెమో పడింది, తెలుసా? అరగంట గంట పన్నెండు నిమిషాలు లేటుగా కొట్టాడు. ఎందుకయ్యా అంటే నిద్ర పట్టేసిందని రాసిచ్చాడు. ఆయన సర్వీసులో మెమో అదొక్కటే."

పరుగున వరండాలోకి వెళ్లాను. బాబాయి బెంచీలు సర్దుతున్నాడు.

"ఆ రోజు మీరు నిద్రపోలేదు బాబాయ్. నాతో మాట్లాడారు."

"నిద్రే పోయాను. సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నాను. ఇక దాన్ని కదపకు" అన్నాడు, బెంచీ మీదనుంచి తలెత్తకుండానే.

నేను చేతులు జోడించాను. తర్వాత బెంచీ రెండో చివర పట్టుకున్నాను.