అక్కకిచ్చిన కొమ్ముల రాణి

పోయిన ఆదివారం మా అక్కను సినిమా హాల్లో అందరి ముందూ ఏడిపించినాను. కావాలని కాదయ్యా, సాయం చేయబోయి! నవ్వొస్తే నవ్వుకోండి, నవ్వాల్సింది కూడా ఉంది దాంట్లో. మొదటినుంచీ చెప్తాను వినండి.

మేముండేది తమిళ గడ్డ మీద. మా సుగుణక్క పోదనూరులో ఉంటాది. ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతాది. బావ రైల్వేలో పని చేసేవాడు. పోయిన ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, ఒకరోజు పొద్దున ఇడ్లీ తింటా తింటా గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రి చేరేలోపలే అయిపోయింది. ఒక్కటే కూతురు, ధరణి. పీలమేడులో ఇంజనీరింగ్ చదవతా ఉండాది.

బావకు సూపర్‌హీరోల పిచ్చి. కొత్త సినిమా వచ్చిందంటే చాలు, మొదటి ఆదివారమే ధరణినీ, పనిలో తోటివాళ్ళనూ వెంటేసుకుని పీలమేడులో మాల్‌కు పోవాల్సిందే. అయిపోయినాక బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఒకటే వాదన. అక్కను కూడా ప్రతిసారీ పిలిచేవాడు. "ప్యాంటు మీద చడ్డీ వేసుకునేవాళ్ళను చూసేదానికి నేనెందుకు? తండ్రీ కూతుళ్ళు పోయి రండి" అనేది అక్క.

ఆయన పోయినాక ఆ మాటే అక్కను పట్టుకుంది. "ఒక్కసారి పోయుంటే ఏమయ్యుండేదిరా తంబీ?" అని ఎన్నిసార్లు అడిగిందో! ధరణి అయితే వాటి ఊసే ఎత్తడం మానేసింది. గదిలో ఉన్న పోస్టర్లన్నీ తీసి చుట్ట చుట్టి అటక మీద పెట్టేసింది.

ఇంతలో కొత్త సినిమా వచ్చింది. బావ స్నేహితుడు సెల్వం అన్న ధరణికి ఫోన్ చేసి, "అందరం పోదామమ్మా, మీ నాన్న ఉంటే పోకుండా ఉంటాడా?" అన్నాడంట. ధరణి రానంది. దాంతో అక్క ఏం చేసిందో తెలుసా? "నేనొస్తా ఉండాను. నాకు తోడు రా" అని కూతుర్ని కట్టిపడేసింది. మరుసటి రోజే నాకు ఫోన్.

"తంబీ, నీకు ఈ బొమ్మల పుస్తకాలు బాగా తెలుసు కదా. నాకు ఒక్క ముక్క తెలీదు. యాడ మొదలుపెట్టేది చెప్పరా. ఆడ అందరి మధ్య నేను మొద్దులాగా కూర్చుంటే ధరణికి మళ్ళీ వాళ్ళ నాన్నే గుర్తుకొస్తాడు."

చూడండి, మామూలు మనిషైతే ఏం చెప్తాడు? "ముందొచ్చిన రెండు సినిమాలు చూసెయ్ అక్కా" అంటాడు. అంతే కదా! కానీ అడిగింది ఎవర్ని? నన్ను! బీరువా నిండా కామిక్స్ పెట్టుకుని, ఫేస్‌బుక్‌లో తెలియనివాళ్ళతో కూడా కొట్లాడే నన్ను!

"సినిమాలు వద్దక్కా. అవన్నీ నడిమధ్యలో ఉంటాయి. ఒకడు చస్తాడు, మళ్ళీ బతుకుతాడు, వాడికి ఇంకో లోకంలో ఇంకో వాడు ఉంటాడు... తల తిరిగిపోతాది నీకు. ఒక క్లాసిక్ ఉండాది. ఫ్యాంటసీ. దానికి మొదలుంది, ముగింపుంది. ముందు ఏమీ తెలిసుండాల్సిన పని లేదు. ఆ సూపర్‌హీరోలు కూడా మధ్యలో ఒకసారి వచ్చి పోతారు. తలుపు లాంటిదనుకో, దాంట్లోనుంచి లోపలికి పోతే ఆ లోకమంతా నీదే!"

ఎంత బాగా చెప్పినానో చూడండి. నా మాటలకు నేనే మురిసిపోయి, సాయంత్రమే సెట్ మొత్తం బండి మీద వేసుకుని పోదనూరు పోయి ఇచ్చొచ్చినాను. ఇంగ్లీషు సిరీస్, మా గుంపులో దాన్ని 'కొమ్ముల రాణి' అంటాం. తల మీద జింక కొమ్ములున్న ఒక రాణి, ఒక నదికి కాపలా. చచ్చినవాళ్ళు ఆ నది దాటి అవతలికి పోతారు, ఒక్కరు కూడా తిరిగి రాకుండా ఆమె చూసుకోవాలి. నాకు గుర్తున్నది యుద్ధాలూ, గుర్రాలూ, ఆ రంగులూ. ఆ నదికి అవతలి గట్టున ఉన్నది ఆమె మొగుడే అనేది... ఆ సమయానికి తట్టలేదు. దేవుడి సాక్షిగా తట్టలేదు!

అక్క తమిళంలో చదువుకున్న మనిషి. ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. అయినా మిషను పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక బ్లౌజు చేయి కుట్టేసి, ఒక పేజీ చదివేసి, తెలియని మాటకు ఫోన్‌లో అర్థం వెతుక్కుని... అట్ల చదివింది. "ఎట్ల ఉందక్కా?" అని అడిగితే "బాగుంది" అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు. కథలో మునిగిపోయిందని నేను సంతోషపడినాను.

ఆదివారం వచ్చింది. అక్క బావ కొనిచ్చిన చీర కట్టుకుని, పరీక్షకు పోయేదానిలాగా వచ్చింది. ఒక పక్క ధరణి, ఒక పక్క నేను, వెనక వరసలో సెల్వం అన్నా వాళ్ళూ. సినిమా మొదలయింది. హీరో ఎగరతాడు, బిల్డింగులు కూలతాయి. అక్క నా చెవిలో, "ఏరా, రాణి ఎప్పుడొస్తాది?"

"వస్తాది అక్కా, చూడు." ఏం చెప్పేది మరి? ఆ రాణి ఈ సినిమాలోనే కాదు, ఏ సినిమాలోనూ లేదు!

ఇంటర్వెల్ దాటినాక, పోయిన సినిమాలో చచ్చిపోయి, దీంట్లో మొదట్లోనే సమాధి కూడా చూపించిన హీరో ఒకడు పొగలో నుంచి నడుచుకుంటా వచ్చినాడు. హాలంతా విజిల్స్! పేపర్లు చించి ఎగరేస్తా ఉండారు. అక్క తటాలున లేచి నిలబడింది.

"వాడు ఎట్ల వచ్చినాడు?"

"కూర్చో అక్కా..."

"ఉండరా! వాడు పోయినాడు కదా. నది ఎట్ల దాటినాడు? ఆమె ఎట్ల వదిలింది? తన మొగుడు ఆ గట్టున నిలబడి పిలుస్తా ఉంటేనే వదల్లేదే! వీడు వస్తాడంటే... మరి మా ఆయన మాత్రం ఎందుకు రాకూడదు?"

సరిగ్గా ఆ మాటకే విజిల్స్ ఆగినాయి. చుట్టూ నాలుగు వరసలు మా వైపు తిరిగినాయి. నేను, నన్ను నమ్మండి, ఆ సమయంలో కూడా నోరు మూసుకోలేదు. "అక్కా, యాక్చువల్‌గా అది వేరే కంటిన్యుటీ, ఆ కథకూ దీనికీ సంబంధం లేదు..." అని మొదలుపెట్టినాను. ధరణి తన చేతిలో పాప్‌కార్న్ డబ్బా తీసి నా ఒళ్ళో కుక్కి, "మామా, ప్లీజ్" అంది. వాళ్ళమ్మను పట్టుకుని కూర్చోబెట్టింది. అక్క చీర చెంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తా ఉంది. ధరణి కూడా. వాళ్ళ నాన్న పోయిన రోజు తర్వాత ఆ పిల్ల ఏడవడం నేను చూడలేదు. మిగతా సినిమా ఏం జరిగిందో మా వరసలో ఎవరికీ తెలీదు.

బయట టీ కొట్టు దగ్గర నిలబడినాం. అక్కే ముందు, "తప్పుగా మాట్లాడినాను, మీ అందరి సినిమా పాడుచేసినాను" అంది.

సెల్వం అన్న గ్లాసు కింద పెట్టినాడు. ఆయన మాట్లాడింది తమిళంలోనే, నేను మన తెలుగులో చెప్తా ఉండాను. "లేదక్కా. చచ్చిన హీరోను తిరిగి తెస్తే మీ ఆయనకు అస్సలు పట్టేది కాదు. ఇదే చోట నిలబడి ప్రతిసారీ అరిచేవాడు. 'చచ్చినోణ్ణి చచ్చినట్టే ఉంచండిరా, ఏడ్చినోళ్ళకు కొంచెం మర్యాద ఇయ్యండిరా' అని. మీరు లేచి నిలబడేసరికి నాకు ఆయనే లేచినట్టయింది."

"అవునమ్మా," అంది ధరణి. "నేను ఊరికే ఉడికించేదాన్ని నాన్నను. 'వాళ్ళు వస్తే నీకేం కష్టం నాన్నా' అని."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఆయన ఇంకేం అనేవాడు, ఎవరి పక్షాన మాట్లాడేవాడు అని అడగడం మొదలుపెట్టింది. ఒకరు చెప్తే ఇంకొకరు అందుకుంటా, టీ మీద టీ. మొగుడు ప్రతి ఆదివారం ఆ గంటసేపు ఏం మాట్లాడేవాడో అక్క అప్పుడు విన్నది, ఆయన పోయినాక. నవ్వతా వింటా ఉంది, మధ్యలో ముఖం పక్కకు తిప్పుకుంటా ఉంది.

అంతా కొంచెం తేలికపడింది కదా అని నాకు ధైర్యమొచ్చింది. "ఏమైనా అక్కా, పుస్తకం మాత్రం క్లాసిక్ కదా? ఆ ముగింపు చూసినావా? ఏం యుద్ధం అది!"

అక్క నా వైపు వింతగా చూసింది. "చివర్లో యుద్ధం యాడుందిరా? రాణి కొమ్ములు తీసి గట్టు మీద పెట్టి, అవతలికి ఒకసారి చేయి ఊపి, ఊళ్ళోకి నడుచుకుంటా వచ్చేస్తాది. అంతే."

"అట్లనా?" అన్నాను. నోరు జారింది.

"ఏరా, నువ్వు చివరి పుస్తకం చదవలేదా?"

"చదివినాను... అంటే..."

"కొన్ననాటినుంచీ దాని మీదున్న ప్లాస్టిక్ కవరు నేనే కదరా కత్తెరతో కత్తిరించింది!"

ధరణి నవ్వింది చూడండి, టీ ముక్కులోకి పోయి దగ్గు! సెల్వం అన్న నా వీపు మీద ఒకటిచ్చినాడు. నేను చేసేదేముంది? అందరి టీలకూ లేచి నేనే డబ్బులిచ్చినాను.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, కామిక్స్ యాడ మొదలుపెట్టేది?" అని అడిగితే, మా అక్కను అడగమంటా ఉండాను. మా ఇంట్లో పూర్తిగా చదివింది ఆమె ఒక్కతే.