ఫార్మర్, లేట్

టైపిస్టు కీబోర్డు ముందు కూర్చోగానే గాజులు మోచేతి దాకా తోసుకునేది. ఆఫీసరు చెప్పే ఇంగ్లీషులోని తప్పులను పదకొండేళ్లుగా గుట్టుచప్పుడు కాకుండా దిద్దిపెట్టేది. ఒకరోజు ఒక మాట మార్చినందుకు ఆయన అందరి ముందూ కాగితం ఆమె బల్ల మీదికి విసిరి, “చూడమ్మా, నీ తెలివి ఇంట్లో పెట్టి రా. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు,” అన్నాడు. ఆమె “సరే సార్” అంది. ఆ రోజు నుంచి ఒక్క అక్షరం దిద్దలేదు. తగిన తప్పు కోసం కసిగా కాచుకుంది.

వార్షికోత్సవానికి రిటైరైన డైరెక్టరును ముఖ్య అతిథిగా పిలిచారు. ఆహ్వానపత్రం చెబుతూ ఆఫీసరు, ఆయన పేరుకు ముందు ‘ఫార్మర్’ అనవలసిన చోట ‘లేట్’ అన్నాడు. మాజీలకూ కాలం చేసినవారికీ తేడా ఆమెకు తెలుసు. వేళ్లు ఒక్క క్షణం ఆగి, ‘లేట్’ అనే కొట్టాయి. ఆఫీసరు రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టాడు. మూడు వందల కార్డులు అచ్చయ్యాయి.

సభలో పెద్దాయన కార్డును కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని, “నేనెప్పుడు పోయానయ్యా? నాకు కబురైనా చేయలేదే,” అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు చెమటలు తుడుచుకుంటూ టైపిస్టు ఎక్కడుందా అని వెనక్కి తిరిగి వెతికాడు. ఆయనకు బాగా కనపడాలని, చివరి వరసలో ఆమె లేచి నిలబడింది.