జహీరాబాద్ గోడ మీద మా ముత్యం

జహీరాబాద్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూ, ఒక పాత ఇటుకల గిడ్డంగి గోడకు ఊరివాళ్లు బొమ్మలు వేయడం చూశాను. గోడ నిండా ఎద్దులే, ఒక్క మనిషీ లేడు. ఎందుకని అడిగితే, కుంచె పట్టుకున్న పెద్దావిడ నవ్వింది.

"మనుషులను గీస్తే ముందెవరు, ఎనకెవరు అని లొల్లి అయితది సారూ. అందుకే ఇంటికో ఎద్దు. మీ ఇంటి ఎద్దు పేరు చెప్పున్రి, గీస్త."

"నాది ఈ ఊరు కాదమ్మా."

"అయితేంది?"

మా జమీందారీ పోయింది, మేడ పోయింది. తాతల బిరుదులన్నీ నాకు కంఠస్థం. వాటిని ఆవిడ అడగలేదు. మా ఇంట మిగిలిన ఆఖరి ఎద్దు పేరు చెప్పాను. "ముత్యం."

"జాగ గా చివర్లనే ఉంది. ఏం అనుకోరు గద?"

మావాళ్లు ఏ సభలోనూ చివర కూర్చోలేదు.

"కొమ్ములు కాస్త పొడుగ్గా గీయండి," అన్నాను.