టీకాల గది

గర్భం ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు ఆడవాళ్లదేనని పోరాడే ఆ సంస్థను మేడమ్ పంతొమ్మిదేళ్లు నడిపింది. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, వచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట: "గొణగొద్దు. అబార్షన్ అని నోరు విప్పి అనండి. ఏం తప్పు చేశారని?" వింటూ వింటూ, గదులు తుడిచే ఆయమ్మ కూడా ఆ మాట గట్టిగా అనడం నేర్చుకుంది. మేడమ్ పదవి దిగిపోయే రోజున చెప్పాపెట్టకుండా ఆవిడ అత్తగారు వచ్చారు. చూపు ఆనక గోడమీది పోస్టర్లు చదవలేక, "ఏమ్మా, పిల్లలకు టీకాలు వేసేది ఈ గదిలోనేనా? మా కోడలు ఎప్పుడూ చెబుతుంటుంది" అని ఆయమ్మను అడిగారు. వీడ్కోలుకు వచ్చినవాళ్లంతా మేడమ్ వైపు తిరిగారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. కళ్లజోడు దించి తుడవడం మొదలుపెట్టింది. ఆయమ్మ మేడమ్‌కేసి ఒకసారి చూసి, "అవునండీ, ఇక్కడే" అని గొణిగింది.